రెండు బిందెల నీళ్లు

ఉదయం పదకొండు గంటల ఇరవై నిమిషాలకు కొత్త కంప్యూటర్ మొదటిసారి వెలిగింది. గోడ గడియారం చూసి ఆ వేళను అన్న నోటు పుస్తకంలో రాశాను. అన్న అలాగే రాసేవాడు. ముందు వేళ, తర్వాత చేసిన పని. అతను పోయి అప్పటికి ఎనిమిది నెలలు. పుస్తకంలో ఇంకా సగం కాగితాలు ఖాళీగా ఉన్నాయి.

కర్నూలు వన్ టౌన్‌లో మా ఇంటి ముందు గది అన్న రికార్డింగ్ గది. గోడలకు గోనెసంచులు, వాటి మీద పాత దుప్పట్లు. పండరి భజన బృందాలు, హరికథ చెప్పేవాళ్లు, నాటకాల్లో పద్యాలు పాడేవాళ్లు అక్కడికి వచ్చి పాడేవాళ్లు. అన్న స్పూల్ రికార్డర్ ముందు కూర్చునేవాడు. నేను అతని పక్కన రాతప్రతి పట్టుకుని, పాడేవాళ్లు మాట తప్పితే పెన్సిలుతో గీత పెట్టేదాన్ని. మిగతా రోజుల్లో నందికొట్కూరు గ్రంథాలయంలో నా ఉద్యోగం. పొద్దున బస్సులో పోయి సాయంత్రం బస్సులో వచ్చేదాన్ని. ఆ ఇంట్లోనే వెనక గది నాది. ముప్పై ఎనిమిదేళ్లు అలా గడిచాయి.

కంప్యూటర్ కట్టించడానికి కారణం నందికొట్కూరు దగ్గరి ఒక పల్లె భజన బృందం పెద్ద. దినాలకు రాలేకపోయానని వేసవి ముందు వచ్చి కూర్చున్నాడు. లేచే ముందు అసలు సంగతి చెప్పాడు.

"అమ్మా, మా గురువు పాడినవన్నీ మీయన్న దగ్గర స్పూళ్ల మీద ఉండాయి. మా పిల్లోళ్లు ఆయప్ప గొంతు ఇననే లేదు. తొలేకాదశి లోపల ఏమన్నా సేసి ఈగలవా?"

చేస్తానన్నాను. పైకి చెప్పిన కారణం అదే. నాకు ఇంకో కారణం కూడా ఉంది.

అన్న పోయిన తర్వాత గది సర్దుతుంటే బల్ల కింద ఒక రేకు పెట్టె కనిపించింది. దాని మీద "చెడినవి" అని రాసి ఉంది. అందులో ఏడు స్పూళ్లు. ఆరింటి మీద ఊళ్ల పేర్లు. ఏడో దాని మీద "చెల్లెలు, నాలుగు తత్వాలు" అని అన్న చేతిరాత. దాని మీద వేరేది రికార్డు చేసేశానని అన్న ఎప్పుడో చెప్పాడు. చెయ్యలేదన్నమాట.

ఆ నాలుగు తత్వాలు నేను పాడినవి. అప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. మా అమ్మ తిరగలి దగ్గర పాడుకునేవి. అన్నే అడిగాడు, రేడియోవాళ్లకు పంపుదాం పాడమని. హార్మోనియంకు మా వీధి పెద్దాయన ఒకరు వచ్చారు. పాడాను. మరుసటి రోజు అన్న టేపు విని, గదిలోంచి బయటికి వచ్చి, "పాటంతా హోరే. ఎర్తు అందలేదు. గుంతలో నీళ్లు చాల్లేదు," అన్నాడు. అంతకంటే ఒక్క మాట ఎక్కువ అనలేదు.

గుంత సంగతి చెప్పాలి. కరెంటు మిషన్లకు ఎర్తింగు కావాలంటే పెరట్లో గుంత తవ్వి, ఉప్పూ బొగ్గులూ వేసి, రేకు పాతి, తీగ లాగుతారు. ఆ మన్ను తడిగా ఉండాలి. మా సీమలో మన్ను తడిగా ఉండేది ఏడాదికి రెండు నెలలు. ఎండిపోతే మిషన్ గుంయ్‌మంటూ హోరు పెడుతుంది, అది టేపులోకి ఎక్కుతుంది. అందుకని ప్రతి రికార్డింగుకు ముందు గుంతలో రెండు బిందెల నీళ్లు పోయాలి. ఆ పని నాది. తుంగభద్ర ఊరి పక్కనే ఉన్నా ఎండాకాలం కొళాయి రోజు మార్చి రోజు వచ్చేది. కొత్తగా కాపురానికి వచ్చిన వదిన చూసి ముక్కున వేలేసుకునేది. "మనుసులకు తాగనీకి లేకుంటే భూమికి తాపుతాండారే, మీ అన్నాచెల్లెండ్లకు పిచ్చి పట్టుకొన్యాదా?" అనేది.

ఆ రోజుల్లో రికార్డింగు మొదలుపెట్టే ముందు అన్న ఎప్పుడూ ఒకే మాట అడిగేవాడు. "నీళ్లు పోసినావా?"

నేను పాడిన రోజు కొళాయి రాలేదు. రెండు బిందెలే మిగిలాయి. ఒకటి గుంతలో పోశాను. ఇంకొకదానితో తల స్నానం చేశాను. పాడబోతున్నాను కదా అనిపించింది. అన్న అడిగితే "పోస్తి" అన్నాను.

కాబట్టి అన్న హోరు వచ్చిందని చెప్పినప్పుడు నాకు ఎదురు మాట లేదు. ఒకసారి వింటానని అడగడానికి కూడా నోరు రాలేదు. ఆ తర్వాత పాడలేదు. ఎవరూ బలవంతపెట్టలేదు, నేనూ బాధపడినట్టు కనిపించలేదు. తప్పు నాది కనక మానుకోవడం న్యాయంగానే తోచింది.

ఇప్పుడు ఆ స్పూలు నా చేతికి వచ్చింది. హోరు వెనక అయినా సరే, ఇరవై రెండేళ్ల నా గొంతు ఎలా ఉండేదో ఒకసారి వినాలనిపించింది. కానీ ఆ రికార్డర్‌కు సొంత స్పీకర్ లేదు. దానికి జతగా ఉండే ఆంప్లిఫైయర్ అన్న కంటే ముందే పోయింది. వినాలంటే కంప్యూటరే దారి.

పాత బస్టాండు దగ్గర కంప్యూటర్లు కట్టిచ్చే ఆయన ఒకరున్నారు. నలభై దాటిన మనిషి. అన్న పాత కంప్యూటర్‌ను రెండుసార్లు బతికించింది ఆయనే, మూడోసారి అది లేవలేదు. అన్న నోటు పుస్తకం ఆయన ముందు పెట్టాను. అందులో ఒక పేజీలో ఏది దేనికి కలపాలో అన్న వరసగా రాశాడు. స్పూల్ రికార్డర్‌లోంచి తీగ డబ్బాకు. ఆ డబ్బా పాటను కంప్యూటర్‌కు అర్థమయ్యేలా మార్చే పరికరం, పదిహేనేళ్ల కింద కొన్నది. డబ్బాలోంచి లావు తీగ కంప్యూటర్‌కు. ఆ వరసలో మొదటి అంకె పక్కన "గుంత, రెండు బిందెలు" అని ఉంది. ఆయన అది చదివి నవ్వారు.

"ఇదేందక్కా, కంప్యూటర్‌కు అభిషేకమా?"

నేనూ నవ్వాను. పదేళ్ల కింద అన్న కరెంటువాళ్లతో కొత్తగా మీటరు పెట్టించాడు. అప్పటినుంచి గుంతలో నీళ్లు పోయడం మానేశాం, ఇక దాని అవసరం ఉండదనుకున్నాను. కొత్త కంప్యూటర్‌కు అసలే అక్కర్లేదని కూడా అనుకున్నాను.

అసలు చిక్కు లావు తీగ దగ్గర వచ్చింది. దాని మూతి పట్టే రంధ్రం కొత్త కంప్యూటర్‌లో ఎక్కడా లేదు. ఆయన వెనకా ముందూ తిప్పి చూశారు.

"కొత్త పెండ్లికూతురికి పాత మెట్టెలు పట్టడంల్యా. ఈ డబ్బా పారేసి రికార్డర్‌నే నేరుగా పెడదాంలే అక్కా. పని జరుగుతాది."

"మా అన్న రాసినట్టే చెయ్యాలప్పా," అన్నాను.

ఆయన నా ముఖం చూసి సరేనన్నారు. నేరుగా కలిపినా పని జరిగేదని ఇప్పుడు నాకు తెలుసు. అప్పుడు అన్న చేతిరాతలోంచి ఒక్క అంకె కూడా దాటిపోవడం నాకు ఇష్టం లేదు.

ఆ రంధ్రం కావాలంటే కంప్యూటర్‌లో ఒక కార్డు పెట్టాలి. కర్నూల్లో దొరికినవి పాత రకం, కొత్త కంప్యూటర్‌లో దూరవు. కడపలో ఒకాయన దగ్గర ఉండవచ్చని తెలిసి బస్సెక్కాను. నంద్యాల, ఆళ్లగడ్డ, మైదుకూరు మీదుగా పోయి దిగేసరికి మిట్టమధ్యాహ్నం. ఆయన దర్గా వైపు వీధిలో ఒకప్పుడు పెళ్లి వీడియోలు తీసిన మనిషి. కెమెరాలోని క్యాసెట్టును కంప్యూటర్‌లోకి ఎక్కించడానికి ఆ రోజుల్లో ఇవే కార్డులు వాడేవాళ్లట. బిస్కెట్ల డబ్బాలోంచి తీసి, చొక్కా అంచుతో తుడిచి ఇచ్చాడు.

"దీని మీద శానా పెండ్లిండ్లు దాటినాయమ్మా. అందులో సగం మంది ఇడిపోయినారు గానీ కార్డు మాత్రం గట్టిగ ఉండాది."

డబ్బులు వద్దన్నాడు. పాటలకంటే ఊరికే తీసుకుపొమ్మన్నాడు. తిరుగు ప్రయాణంలో కార్డు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. అన్న కోసం ఏదో ఒకటి చేస్తున్నానన్న తృప్తి ఎనిమిది నెలల్లో అదే మొదటిసారి.

కార్డు పట్టింది. డబ్బాకు కావలసిన పాత సాఫ్ట్‌వేర్‌ను కొత్త కంప్యూటర్ రెండు రోజులు ఒప్పుకోలేదు. మూడో రోజు మధ్యాహ్నం తెర మీద, శబ్దం అందుతోందని చూపే పచ్చగీత కదిలింది. కంప్యూటర్ ఆయన అన్నానికి వెళ్తూ, "మీరు టేపు ఇంటా ఉండండక్కా, వచ్చినంక గురువుగారివి ఎక్కిద్దాం," అన్నారు.

ఒక్కదాన్నే ఉన్నాను. ముందు నా స్పూలు పెట్టాను.

హోరు. గుంయ్‌మని ఎడతెగని హోరు. దాని వెనక, దూరంగా, ఒక ఆడపిల్ల పాడుతోంది. ఆ గొంతు నాదని పోల్చుకోవడానికి కొంతసేపు పట్టింది. ఒక తత్వం సగం దాకా విని ఆపేశాను. బాధ కలగలేదు. అన్న చెప్పింది చెప్పినట్టే ఉంది. ఇన్నేళ్లూ మోసిన తప్పు నిజంగా నాదేనని తెలియడంలో కూడా ఒక నెమ్మది ఉంటుందని ఆ రోజు తెలిసింది. అన్న ఫోటో వైపు చూసి, క్షమించమన్నాను. పైకే అన్నాను.

ఆయన తిరిగి వచ్చి గురువుగారి స్పూలు పెట్టారు. అదే హోరు. రెండోది పెట్టారు. అదే. ఆ రోజుల్లో వచ్చినవన్నీ ఇలాగే ఉన్నాయేమో, అన్న ఎవరికీ చెప్పలేదేమో అనుకున్నాను. ఆయన కంప్యూటర్ ఇనుప పెట్టె మీద చెయ్యి వేసి చటుక్కున తీసేశారు.

"జివ్వుమంటాంది. అక్కా, ఇది టేపులో హోరు కాదు. మీ ఇంటి లైనుది. ఎర్తింగు సచ్చిపోయిండాది. ఈ కొత్త పెట్టెలకు ఎర్తు లేకుంటే పాటలోకి ఇట్లనే దిగుతాది." టెస్టర్ పెట్టి చూపించారు. "గుంత యాడుండాది?"

అన్న రాసిన మొదటి అంకె గుర్తొచ్చింది. ఆయనకూ గుర్తొచ్చినట్టుంది. ఈసారి నవ్వలేదు.

పెరట్లోకి వెళ్లాను. గుంత మీద మూతరాయి, దాని మీద వదిన ఎండబెట్టిన పాత చేట. రాయి తీస్తే లోపల మన్ను పగుళ్లు బారి ఉంది. మొదటి బిందె పోస్తే నిలవనే లేదు. రెండోది పోశాను. అరవై దాటిన తర్వాత నిండు బిందె ఎత్తడం అదే మొదటిసారి. గదిలోంచి ఆయన కేక వినిపించింది.

"పోయింది! హోరు పోయిందక్కా! మీయన్న గట్టోడే!"

గురువుగారి గొంతు శుభ్రంగా వినిపించింది. చిడతల గలగల, మధ్యలో ఆయన దగ్గు, వెనక ఎవరో చిన్నగా "ఆఁ" అనడం. కంప్యూటర్ ఆయన వరసగా మూడు స్పూళ్లు పెట్టి చూశారు. మూడూ శుభ్రంగానే ఉన్నాయి. మిగతావి నన్ను ఎక్కించుకోమని చెప్పి షాపుకు వెళ్లారు.

నా స్పూలు మళ్లీ పెట్టాల్సిన పని లేదు. కానీ అది బల్ల మీదే ఉంది. పెట్టాను.

హోరు లేదు.

నాలుగు తత్వాలూ విన్నాను. హార్మోనియం కొంచెం ఎక్కువగా వినిపించింది. రెండో తత్వంలో ఒకచోట ఊపిరి చాలక తొందరపడ్డాను. మిగతాదంతా బాగుంది. నేను మంచి శ్రోతను, ఎవరిది ఏది బాగుందో ముప్పై ఎనిమిదేళ్లు అన్న పక్కన కూర్చుని గీతలు పెట్టిన మనిషిని. అది బాగుంది. నాలుగోది అయిపోయాక తలుపు చప్పుడు వినిపించింది, నేను బయటికి వెళ్లిన చప్పుడు. టేపు ఇంకా తిరుగుతోంది. హార్మోనియం పెద్దాయన గొంతు.

"ఏమప్పా, ఎట్లొచ్చింది?"

హెడ్‌ఫోన్లు చెవులకు ఉన్నప్పుడు కొంచెం గట్టిగా మాట్లాడే అన్న గొంతు. ఎనిమిది నెలల తర్వాత నేను విన్న అన్న గొంతు అది.

"బాగొచ్చిందన్నా. శానా బాగొచ్చింది."

తర్వాత మీట నొక్కిన చప్పుడు.

చనిపోయినవాళ్ల గొంతు వినగానే మనుషులు ఏడ్చినట్టు పుస్తకాల్లో చదివాను. నేను ఏడవలేదు. స్పూలు వెనక్కి చుట్టి ఆ ఒక్క చోటు మళ్లీ విన్నాను. మళ్లీ అవే మాటలు.

వదిన వసారాలో చింతపండు గింజలు తీస్తోంది. గది తలుపు తెరిచే ఉంది. వెళ్లి ఎదురుగా కూర్చున్నాను.

"ఇన్నావా వదినా?"

"ఇంటి."

"హోరు లేదు."

"అప్పుడూ లేదు." తల ఎత్తలేదు. చేతులు ఆగలేదు.

"నీకు తెలుసా?"

"ఎందుకు తెల్దు? నువ్వు నందికొట్కూరుకు పోయిన దినాల్లో మీయన్న దాన్నే పెట్టుకొని ఇంటాండె. ఈ ఆంప్లిఫైయర్ సచ్చిందాంకా ఇంటానే ఉండె."

వదినే మిగతాదీ చెప్పింది.

"పెండ్లి కాకముందు ఆయన రెండుసార్లు పాడి పంపిండెనంట రేడియోకు. రెండుసార్లూ వద్దన్యారంట. నీకు చెప్పలేదు, మీయమ్మకూ చెప్పలేదు. నీది పంపు, పాపం పిల్ల ఆశగుండాదని నేనే అంటి. నిన్ను ఒక్కసారికే రమ్మంటే నేను ఈ గదిలో ఎట్ల కూచునేది అన్యాడు. గమ్మునుండమన్యాడు. గమ్మునుంటి."

"నేను ఒక బిందె తలకు పోసుకున్నానని ఆయనకు..."

"నీ జుట్టు నడుం దాకా ఉండె గదమ్మే. నీళ్లు కారుతాంటే గుడ్డోడైనా కనుక్కుంటాడు." గింజల పళ్లెం పక్కకు జరిపింది. "నన్ను తిట్టు. తిట్టనీకి ఆయన లేడు."

తిట్టలేదు. తిట్టడానికి నాకు వదిన మీద కోపం రాలేదు. కోపం ఎవరి మీద రావాలో ఆ మనిషి ఫోటోకు పొద్దున నేనే పూలు పెట్టాను, మధ్యాహ్నం క్షమించమని అడిగాను.

అన్న టేపు పంపకపోవడం గురించి నేను అంత ఆలోచించలేదు. పంపినా పిలిచేవాళ్లో లేదో. తనకు రానిది నాకు వస్తే ఓర్చుకోలేకపోవడం మనుషుల్లో ఉన్నదే, అన్న మనిషే. మనసుకు పట్టింది వేరే సంగతి. అబద్ధం ఆడడానికి అతను నా అబద్ధాన్ని వాడుకున్నాడు. నా తడి జుట్టు చూసి, నేను ఎదురు చెప్పలేనని తెలిసి, నీళ్లు చాల్లేదన్నాడు. ఇంకే కారణం చెప్పినా టేపు వినిపించమని అడిగి ఉండేదాన్ని.

ఇంకొకటి. ఆ రోజు తర్వాత అన్న "నీళ్లు పోసినావా" అని మళ్లీ ఎప్పుడూ అడగలేదు. నా మీద నమ్మకం వచ్చిందనుకున్నాను. ఆ నమ్మకం నిలబెట్టుకోవాలని రెండు బిందెల చోట మూడు పోసేదాన్ని. ట్యాంకర్లు వచ్చిన కరువు ఏడాదుల్లో వీధి చివరి నుంచి మోశాను. జ్వరంలోనూ పోశాను. మా అమ్మ పోయిన పదమూడో రోజు మంత్రాలయం నుంచి ఒక హరికథాయన రికార్డింగుకు వస్తే ఆ రోజూ పోశాను. అన్న కిటికీలోంచి చూస్తూ ఉండేవాడు. చాలు అని ఒక్కసారి కూడా అనలేదు.

పదకొండు రోజులు ఆ గది తలుపు తీయలేదు. పన్నెండో రోజు భజన బృందం పెద్ద ఫోన్ చేశాడు, తొలేకాదశి దగ్గరికి వచ్చిందని, తొందరేమీ లేదని. అతని గురువు తప్పేమీ లేదు. తలుపు తీసి, గురువుగారి పద్నాలుగు స్పూళ్లూ అన్న రాసిన వరసలోనే ఎక్కించాను. వేరే వరస నాకు తెలియదు. ఎక్కించినన్ని రోజులూ గుంతలో నీళ్లు పోశాను. అప్పుడు బిందె బరువు వేరుగా ఉంది.

పెన్‌డ్రైవ్ తీసుకోవడానికి ఆ పెద్ద ఇద్దరు భజనవాళ్లతో వచ్చాడు. గది గడప దగ్గర చెప్పులు విడిచి లోపలికి వచ్చి, అన్న కుర్చీకి దండం పెట్టాడు.

"ఇట్లాంటి మనిషి మళ్లా పుట్టడమ్మా."

"అవునప్పా," అన్నాను. ఆ బృందానికి అన్న చేసినది మంచే.

సంవత్సరీకం రోజు వంట నేనే చేశాను. అన్నకు ఇష్టమైన ఉలవచారు పెట్టాను. ఆ తర్వాతి వారం కంప్యూటర్ ఆయన మనుషులను పిలిపించి, కొత్త రకం ఎర్తింగు కడ్డీ పాతించారు. దానికి నీళ్లు అక్కర్లేదట. నా స్పూలును "చెడినవి" పెట్టెలోంచి తీసి మిగతా స్పూళ్ల అరలో, కింది వరసలో పెట్టాను. నోటు పుస్తకంలో ఆ రోజు వేళ రాసి, పక్కన "ఒక స్పూలు మార్చాను" అని రాశాను.

పెరట్లో పాత గుంత అలాగే ఉంది, మూతరాయి మీద వదిన చేట ఆరబెడుతుంది. ఆ గుంతలో ఇప్పుడు ఎవరం నీళ్లు పోయడం లేదు.